గజ్జె కట్టే పిల్లకు టైప్ 1 డయాబెటిస్: రిహార్సల్ షుగర్ వేరు, వేదిక షుగర్ వేరు

కూచిపూడి నేర్చుకుంటున్న పిల్లకు టైప్ 1 డయాబెటిస్ అని తేలగానే చాలా ఇళ్లలో మొదట వచ్చే మాట "ఇక డాన్స్ మానిపించేద్దాం" అని. మానిపించాల్సిన వైద్య కారణం ఏమీ లేదు. న్యూయార్క్ సిటీ బాలేలో జిపోరా కార్జ్‌కు 21 ఏళ్ల వయసులో ఈ జబ్బు బయటపడింది. మొదట దాన్ని పెద్దవాళ్లకు ఎక్కువగా వచ్చే టైప్ 2 అని పొరబడ్డారు కూడా. అయినా ఆమె అదే సంస్థలో సోలో నర్తకిగా ఏళ్ల తరబడి ఆడింది. పాప్ గాయకుడు నిక్ జోనస్‌కు 13 ఏళ్లకే వచ్చింది.

"ఏం ఫర్వాలేదు, ఇన్సులిన్ వేసుకుని ఆడొచ్చు" అనేది కూడా సగం నిజమే. ఆ ఇన్సులిన్ ఎప్పుడు, ఎంత, ఏ రోజు ఎంత తగ్గించి వేసుకోవాలన్నదే అసలు విషయం. ఇంటివాళ్లను ఎక్కువగా తికమక పెట్టేది ఒకటుంది: అదే అమ్మాయి, అవే అడుగులు, పళ్లెం మీద నిలబడి ఆడే అదే తరంగం. రిహార్సల్‌లో షుగర్ పడిపోతుంది, వేదిక మీద పెరుగుతుంది. నెల రోజులు ప్రాక్టీసులో సరిపోయిన లెక్క ప్రోగ్రాం రోజున తప్పుతుంది. ఇది ఎందుకో తెలిస్తే మిగతా జాగ్రత్తలన్నీ వాటంతట అవే అర్థమవుతాయి.

ఇక్కడ చెప్పే షుగర్ అంకెలన్నీ డెసిలీటరు రక్తంలో మిల్లీగ్రాములు. మోతాదుల్లో మార్పులు ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పేవి మాత్రమే. మీ పిల్లకు సరిపోయే అంకెను ఎండోక్రైనాలజిస్టుతో (హార్మోన్ల డాక్టరుతో) కూర్చుని, రిహార్సల్‌లో పరీక్షించి ఖాయం చేసుకోవాలి.

ఒకే నాట్యం, రెండు రకాల షుగర్

టైప్ 1లో శరీరపు రోగనిరోధక వ్యవస్థే క్లోమంలోని ఇన్సులిన్ తయారుచేసే బీటా కణాలను నాశనం చేస్తుంది. తీపి ఎక్కువ తినడం వల్ల వచ్చేది కాదు, తిండి తగ్గిస్తే పోయేదీ కాదు. తాతగారి షుగర్‌కు డాక్టరు చెప్పిన నడక, పథ్యం, మాత్రలు దీనికి వర్తించవు. బయటినుంచి ఇన్సులిన్ ఇవ్వకపోతే ప్రాణం నిలవదు. "మా మందుతో ఇన్సులిన్ మాన్పిస్తాం" అనేవాళ్ల మాట నమ్మి ఇంజెక్షన్ ఆపితే కొద్ది రోజుల్లోనే, ఒక్కోసారి ఒకటి రెండు రోజుల్లోనే, రక్తంలో కీటోన్లు (కొవ్వు కరిగేటప్పుడు పుట్టే ఆమ్లాలు) పేరుకుని పిల్ల ఐసీయూకు చేరుతుంది. ఈ ఒక్క విషయంలో మొహమాటపడకండి.

జబ్బు లేనివాళ్లు ఆడడం మొదలుపెట్టగానే క్లోమం ఇన్సులిన్ విడుదలను తగ్గించేస్తుంది. కండరాలు వాడుకున్న గ్లూకోజును కాలేయం వెంటవెంటనే నింపుతుంది. టైప్ 1 పిల్లలో ఆ సౌకర్యం లేదు. గంటన్నర క్రితం చర్మం కింద వేసిన ఇన్సులిన్ వెనక్కి రాదు. పైగా ఒళ్లు వేడెక్కి రక్తప్రసరణ పెరగడంతో మరింత త్వరగా రక్తంలో కలుస్తుంది. కండరాలేమో పనిచేస్తున్నప్పుడు ఇన్సులిన్‌తో సంబంధం లేకుండా కూడా గ్లూకోజును లాక్కుంటాయి. కాలేయం గ్లూకోజు వదలబోతే రక్తంలో ఉన్న ఇన్సులిన్ అడ్డుపడుతుంది. అందుకే గంట, గంటన్నర ఒకే తీరున సాగే క్లాసులో షుగర్ దిగుతుంది.

వేదిక మీద ఇంకో శక్తి తోడవుతుంది. ప్రేక్షకులు, లైట్లు, గురువుగారి చూపు, తప్పు పోకూడదన్న తపన అన్నీ కలిసి అడ్రినలిన్, కార్టిసాల్ లాంటి హార్మోన్లను పెంచుతాయి. అవి కాలేయంలో నిల్వ ఉన్న గ్లూకోజును ఒక్కసారిగా బయటికి తోస్తాయి. దానికి తోడు మూడో కాలంలో జతులు, తీర్మానాలు ఊపిరాడనంత వేగంగా సాగే చిన్న చిన్న పరుగులు. ఇలాంటి తీవ్ర శ్రమ కూడా షుగర్‌ను పెంచేదే. తెర లేవకముందు 150 ఉన్నది జతిస్వరం అయ్యేసరికి 230, 250 చూపిస్తే అందులో వింతేమీ లేదు.

ఆ 250 చూసి కంగారుపడి పూర్తి మోతాదు ఇన్సులిన్ పొడవడమే ప్రోగ్రాం రోజు జరిగే పొరపాట్లలో అన్నిటికంటే ప్రమాదకరమైనది. అడ్రినలిన్ వల్ల పెరిగిన షుగర్ ప్రోగ్రాం అయ్యాక గంటా రెండు గంటల్లో చాలావరకు దానంతటదే దిగుతుంది. ఖాళీ అయిన కండరాలు రాత్రంతా రక్తం నుంచి గ్లూకోజు తీసుకుంటూనే ఉంటాయి. దానికి ఈ అదనపు ఇన్సులిన్ కలిస్తే అర్ధరాత్రి, తెల్లవారుజామున, అందరూ అలసి నిద్రపోతున్న వేళ షుగర్ ప్రమాదకరంగా పడిపోతుంది. సాయంత్రం శ్రమ తర్వాత ఏడు నుంచి పదకొండు గంటల మధ్య ఈ ముప్పు ఎక్కువ. ఏడింటికి ఆడినవాళ్లకు అది రాత్రి రెండు నుంచి ఉదయం ఆరు.

కచేరీలో ఏ అంశం ఏం చేస్తుంది

పూర్వరంగం, జతిస్వరం దగ్గర గుండె వేగం, అడ్రినలిన్ రెండూ ఎక్కువ కాబట్టి షుగర్ పైకి పోతుంది. భామాకలాపంలో సత్యభామ ప్రవేశ దరువు దగ్గర కాళ్ల పని మోస్తరే. కానీ అభినయానికి మెదడు చురుగ్గా ఉండాలి. షుగర్ 70కి దగ్గరపడితే మొదట దెబ్బతినేది ఇదే. సాహిత్యం గుర్తురాదు, చూపు నిలవదు, భావం ఆలస్యంగా పలుకుతుంది. కచేరీ రెండో సగంలో వచ్చే తరంగం దగ్గర అసలు పరీక్ష. ఇత్తడి పళ్లెం అంచు మీద నిలబడి, తల మీద నీళ్ల చెంబుతో తాళానికి కదలాలి. అప్పటికి గంట శ్రమ అయిపోయి ఉంటుంది, మొదటి అడ్రినలిన్ తగ్గుముఖం పడుతుంది, మధ్యాహ్నపు ఇన్సులిన్ ఇంకా మిగిలి ఉంటే అదీ పనిచేస్తుంటుంది. షుగర్ దిగడం మొదలయ్యే సమయమూ, ఒంటి నిలకడ అత్యంత అవసరమైన సమయమూ ఒకటే.

అందుకని తరంగానికి ముందు విరామం పెట్టించుకోవడం మంచిది. ఆర్కెస్ట్రా ఒక కీర్తన పాడుకునే ఆరేడు నిమిషాలు చాలు. ఆ విరామంలో షుగర్ చూసుకుని, 126 కంటే తక్కువ ఉంటే 15 గ్రాముల గ్లూకోజు నీళ్లు, 126 నుంచి 180 మధ్య ఉండి దిగుతుంటే 10 గ్రాములు, 180 పైన నిలకడగా ఉంటే ఉత్త మంచినీళ్లు తాగాలి. 90 కంటే తక్కువైతే తరంగాన్ని వెనక్కి జరిపి మరో అంశం ముందుకు తేవాలి. ఈ మార్పు ఎలా చేయాలో నట్టువాంగం చేసేవారితో ముందే అనుకుని ఉండాలి. ఆ క్షణంలో ఆలోచిస్తే కుదరదు.

రోజువారీ రిహార్సల్‌కు లెక్క

ఒక ఉదాహరణ తీసుకుందాం. పదహారేళ్ల అమ్మాయి, 50 కిలోలు, రోజుకు మొత్తం 45 యూనిట్ల ఇన్సులిన్. అందులో దాదాపు సగం గ్లార్జిన్ లాంటి దీర్ఘకాలం పనిచేసే బేసల్, మిగతాది భోజనాలకు లిస్ప్రో, ఆస్పార్ట్ లాంటి వేగంగా పనిచేసే ఇన్సులిన్. 500ను 45తో భాగిస్తే 11 వస్తుంది, అంటే ఒక యూనిట్ సుమారు 11 గ్రాముల పిండిపదార్థానికి సరిపోతుంది. 1800ను 45తో భాగిస్తే 40, అంటే ఒక యూనిట్ షుగర్‌ను సుమారు 40 మేర దింపుతుంది. డాక్టర్లు మొదలుపెట్టేది సాధారణంగా ఈ రెండు సూత్రాలతోనే.

క్లాసు ఐదున్నరకు. నాలుగుంబావుకు నాలుగు మధ్యరకం ఇడ్లీలు తింటే సుమారు 44 గ్రాములు, మామూలుగా అయితే నాలుగు యూనిట్లు. వేగంగా పనిచేసే ఇన్సులిన్ పది పదిహేను నిమిషాల్లో మొదలై, ఒకటి రెండు గంటల మధ్య శిఖరానికి చేరి, మూడు నుంచి ఐదు గంటలు ఉంటుంది. సరిగ్గా క్లాసు సమయానికే శిఖరం. 2017లో లాన్సెట్ డయాబెటిస్ అండ్ ఎండోక్రైనాలజీ పత్రికలో వచ్చిన అంతర్జాతీయ నిపుణుల పత్రం ప్రకారం, గంటసేపు ఆగకుండా మోస్తరు శ్రమ చేసేటట్లయితే ముందు భోజనపు మోతాదును 75 శాతం తగ్గించాలి, అరగంట శ్రమకు 50 శాతం. డాన్స్ క్లాసులో ఆగి నేర్చుకునే సమయం చాలా ఉంటుంది గనుక 50 శాతంతో, అంటే రెండు యూనిట్లతో మొదలుపెట్టి రెండు మూడు క్లాసుల అంకెలు చూసి మార్చుకోవడం నయం. రంగప్రవేశానికి ముందు నెల ఆగకుండా ఐటమ్ మీద ఐటమ్ ఆడించే రన్‌త్రూ మొదలైనప్పుడు అదే పిల్లకు 75 శాతం తగ్గింపు కావలసి రావచ్చు.

ఇంజెక్షన్ తొడకు కాకుండా పొట్టకు వేయడం మంచిది. అరమండిలో పనిచేసే తొడ కండరం దగ్గర వేసిన మందు వేగంగా లోపలికి పోయే అవకాశం ఉంది. పొట్టకు కూడా ఒకేచోట వేస్తుంటే చర్మం కింద గడ్డలా కొవ్వు పేరుకుంటుంది. ఆ గడ్డలోంచి ఇన్సులిన్ ఒకరోజు నెమ్మదిగా, ఒకరోజు వేగంగా వస్తుంది. "మోతాదు మార్చలేదు, తిండి మార్చలేదు, అంకెలు మాత్రం పిచ్చిగా ఉన్నాయి" అంటే ముందు చేత్తో పొట్ట తడిమి చూడండి. ప్రతిసారీ పక్కపాయింటుకు కనీసం ఒక సెంటీమీటరు జరగాలి.

క్లాసుకు వెళ్లే ముందు చూడాల్సిన హద్దులు ఇవి. 90 కంటే తక్కువైతే 10 నుంచి 20 గ్రాముల గ్లూకోజు తీసుకుని, 90 దాటాకే మొదలుపెట్టాలి. 90 నుంచి 124 అయితే 10 గ్రాములు తీసుకుని మొదలుపెట్టవచ్చు. 126 నుంచి 180 అన్నిటికంటే అనువైనది. 270 దాటి, ఎక్కువ తిన్నట్టు కారణం కనిపించకపోతే రక్తంలో కీటోన్లు చూడాలి. కీటోన్లు (లీటరుకు మిల్లీమోల్స్‌లో) 0.6 లోపు ఉంటే తేలికపాటి అభ్యాసం చేయవచ్చు. 0.6 నుంచి 1.4 మధ్య ఉంటే ముందు ఇన్సులిన్‌తో అది సరిచేశాకే. 1.5 లేదా ఆపైన ఉంటే ఆడకూడదు, డాక్టరుతో మాట్లాడాలి. గడిచిన 24 గంటల్లో ఇంకొకరి సాయం కావలసినంత తీవ్రమైన లో షుగర్ వచ్చి ఉంటే ఆరోజు క్లాసు వద్దు. అలాంటి లో వచ్చిన మర్నాడు శరీరం హెచ్చరిక గంట మోగించడం తగ్గిస్తుంది, రెండోది చెప్పకుండా వస్తుంది.

ప్రభుత్వాసుపత్రి నుంచి గానీ, ఖర్చు కలిసొస్తుందని గానీ రెగ్యులర్ ఇన్సులిన్ వాడేవాళ్లకు లెక్క మారుతుంది. అది అరగంటకు మొదలై, రెండు నుంచి నాలుగు గంటల మధ్య శిఖరానికి చేరి, ఆరు నుంచి ఎనిమిది గంటలు ఉంటుంది. మధ్యాహ్నం రెండింటికి భోజనానికి వేసింది ఐదున్నర క్లాసులో ఇంకా బలంగానే పనిచేస్తుంది. కాబట్టి తగ్గించాల్సింది సాయంత్రం టిఫిన్ మోతాదు కాదు, మధ్యాహ్నానిది. రెగ్యులర్‌ను, ఎక్కువసేపు పనిచేసే ఎన్‌పీహెచ్‌ను ముందే కలిపిన 30/70 మిశ్రమం వాడేవాళ్లకు ఒకదాన్ని తగ్గిస్తే రెండోదీ తగ్గిపోతుంది. నాట్యం గట్టిగా సాధన చేసే పిల్లకు మిశ్రమం సరైన ఎంపిక కాదని మా అభిప్రాయం. ఖర్చు సమస్యయితే డాక్టరుకు ఆ మాటే చెప్పి, రెగ్యులర్, ఎన్‌పీహెచ్ విడివిడిగా ఇవ్వమని అడగవచ్చు.

ఖర్చు గురించే ఇంకో ముఖ్య విషయం. మన దేశంలో సీసాలు ఎక్కువగా మిల్లీలీటరుకు 40 యూనిట్లవి, పెన్ను కార్ట్రిడ్జీలు 100 యూనిట్లవి. సిరంజిలు కూడా రెండు రకాలు: ఎర్ర మూతది 40కి, నారింజ మూతది 100కి. పెన్ను పాడైందని కార్ట్రిడ్జీ నుంచి మందును ఎర్ర మూత సిరంజిలోకి లాగితే రెండున్నర రెట్లు మోతాదు పోతుంది. నాలుగు యూనిట్లనుకున్నది పది అవుతుంది. ఊరు కాని ఊళ్లో ప్రోగ్రాంకు వెళ్లి, రాత్రిపూట దొరికిన సిరంజి కొన్నప్పుడే ఈ ప్రమాదం. అందుకే సంచీలో అదనపు పెన్ను, సూదులు పెట్టుకోవాలి.

ప్రోగ్రాం రోజు

ఆహ్వానపత్రం మీద ఆరున్నర అని ఉంటుంది. జ్యోతి ప్రజ్వలన, ముఖ్య అతిథి రాక, ప్రసంగాలు, శాలువాలు అయ్యేసరికి ఎనిమిది అవుతుంది. అలంకరణంతా అయి గజ్జెలు కట్టుకుని కూర్చున్న పిల్లకు ఈ గంటన్నర చాలా కష్టమైన కాలం. ఆరున్నరకని ముందుగా జ్యూస్ తాగిస్తే ఎనిమిదికి 280 అవుతుంది. ఇన్సులిన్ తగ్గించి ఉంటే ఇంకా పైకి. అందుకే గడియారం చూసి తినిపించకండి. షుగర్ చూసి, పిలుపు వచ్చాక ఇవ్వండి.

ఒక రోజు ఇలా నడపవచ్చు. ఉదయం, మధ్యాహ్నం భోజనాలు మామూలుగా, ఇన్సులిన్ మామూలుగా. పప్పన్నం, కూర, పెరుగు చాలు. కప్పు అన్నం, అంటే సుమారు 150 గ్రాములు, 40 నుంచి 45 గ్రాముల పిండిపదార్థం. పెళ్లిభోజనం లాంటిది వద్దు, నూనె ఎక్కువైన భోజనం నాలుగైదు గంటల తర్వాత కూడా షుగర్ పెంచుతూనే ఉంటుంది. "ఖాళీ కడుపుతో ఆడితే ఒళ్లు తేలిగ్గా ఉంటుంది" అని ఉపవాసం ఉండే అలవాటు ఈ పిల్లకు పనికిరాదు. చివరి టిఫిన్ వేదిక ఎక్కడానికి మూడు గంటల ముందు. మూడు గంటలు గడిస్తే వేగంగా పనిచేసే ఇన్సులిన్ చాలావరకు అయిపోతుంది. అడ్రినలిన్ ఎలాగూ షుగర్ పెంచుతుంది కనుక ఇక్కడ రిహార్సల్‌లా సగం తగ్గించక్కర్లేదు, పాతిక శాతం తగ్గింపుతో చాలామందికి సరిపోతుంది. ఎవరికి ఎంత అన్నది పూర్తి ఆహార్యంతో, పరిచయస్తుల ముందు చేసే చివరి రన్‌త్రూలో తేల్చుకోవాలి. ఆ రన్‌త్రూను షుగర్ పరీక్షగా కూడా చూడండి: ముందు, విరామంలో, చివర, రెండు గంటల తర్వాత, రాత్రి రెండింటికి, ఈ ఐదు అంకెలు కాగితం మీద రాసుకుంటే వేదికకు లెక్క దొరుకుతుంది.

పిలుపుకు అరగంట ముందు ఒకసారి, పది నిమిషాల ముందు ఒకసారి చూడాలి. 140 నుంచి 180 మధ్య, నిలకడగా లేదా కొంచెం పెరుగుతూ ఉంటే నిశ్చింతగా ఎక్కవచ్చు. 140 ఉండి, ఒంటికి అంటించిన గ్లూకోజు సెన్సర్‌లో బాణం కిందికి చూపిస్తుంటే 15 గ్రాములు తాగి ఎక్కాలి. అంకె కంటే అది ఎటు పోతోందన్నది ముఖ్యం.

గ్రీన్‌రూమ్‌లో చెమట, వణుకు, గుండెదడ వస్తే అది బెరుకా, లో షుగరా అన్నది అనుభవం ఉన్న కళాకారిణి కూడా చెప్పలేదు. రెంటికీ మూలం అడ్రినలినే కనుక లక్షణాలు ఒకటే. "భయపడుతున్నావు, ధైర్యంగా ఉండు" అని వెన్ను తట్టేముందు వేలిమీద చుక్క చూడాలి. చూసే వీలు లేకపోతే లో అనే అనుకుని గ్లూకోజు ఇచ్చేయాలి. అవసరం లేకుండా ఇచ్చిన 15 గ్రాములు షుగర్‌ను కొంత పెంచుతాయి, అంతే. అవసరమై ఇవ్వకపోతే పిల్ల వేదిక మీద కూలిపోవచ్చు.

ఆ 15 గ్రాములు ఏ రూపంలో అన్నదీ ముఖ్యమే. తూచిన గ్లూకోజు పొడి 15 గ్రాములు వంద మిల్లీలీటర్ల నీళ్లలో కలిపి చిన్న సీసాల్లో నాలుగైదు సిద్ధం చేసి, సీసా మీద గ్రాములు రాసి పెట్టండి. గ్లూకోజు లేకపోతే మూడు నిండు టీస్పూన్ల పంచదార, లేదా 150 మిల్లీలీటర్ల పండ్లరసం. చాక్లెట్, లడ్డూ, మైసూర్‌పాక్ వద్దు, వాటిలో నెయ్యి, కొవ్వు వల్ల తీపి రక్తంలోకి ఆలస్యంగా చేరుతుంది. ఆడుతున్నప్పుడు నోరు ఎండిపోయి ఉంటుంది కాబట్టి మాత్రలు నమలడం కష్టం. పెదవుల రంగు చెడకుండా ఉండాలంటే సీసాతో స్ట్రా పెట్టండి. తాగిన పదిహేను నిమిషాలకు మళ్లీ చూసి, 70 దాటకపోతే మళ్లీ 15.

ప్రోగ్రాం అయ్యాక షుగర్ 250 ఉందనుకోండి. గంట ఆగి మళ్లీ చూడాలి. అప్పటికీ దిగకపోతే సరిదిద్దే మోతాదులో సగం మాత్రమే. మన ఉదాహరణలోని అమ్మాయికి 250ను 130కి దించడానికి లెక్క ప్రకారం మూడు యూనిట్లు, ఇక్కడ ఒకటిన్నర. రాత్రి భోజనం ఇన్సులిన్ కూడా తగ్గించే వేయాలి. పడుకునేముందు కిలో బరువుకు 0.4 గ్రాముల లెక్కన, ఈ పిల్లకు 20 గ్రాములు, ఇన్సులిన్ లేకుండా ఏదైనా తినిపించవచ్చు: ఒక గ్లాసు పాలు, ఒక చిన్న చక్కెరకేళి. రాత్రి గ్లార్జిన్ వేసుకునేవాళ్లు ఆ ఒక్కరోజు 20 శాతం తగ్గిస్తారు. ఇంజెక్షన్ బదులు గొట్టం ద్వారా ఇన్సులిన్ ఇచ్చే పంపు ఉంటే పడుకున్నప్పటి నుంచి ఆరు గంటలపాటు బేసల్ 20 శాతం తగ్గించుకోవచ్చు. బేసల్‌గా డిగ్లుడెక్ వాడేవాళ్లకు ఆ ఒక్కరోజు తగ్గింపు పనిచేయదు, దాని ప్రభావం 42 గంటలు దాటి ఉంటుంది. వాళ్లు తిండితోనే సర్దుకోవాలి. రెండింటికి అలారం పెట్టుకుని అమ్మో నాన్నో లేచి చూడాలి. ప్రోగ్రాం బాగా జరిగిన సంతోషంలో ఎక్కువగా మరిచిపోయేది ఇదే.

రంగప్రవేశం అయ్యాక వారం పది రోజులు పిల్ల విశ్రాంతి తీసుకుంటుంది. నెల రోజుల కఠిన సాధనలో తగ్గిన ఇన్సులిన్ అవసరం అప్పుడు మళ్లీ పెరుగుతుంది. "అన్నీ సవ్యంగా ఉన్నాయి కదా, ఇప్పుడెందుకు 300 వస్తోంది" అన్న ప్రశ్నకు జవాబు అది. నెలసరికి ముందు రోజుల్లో కూడా చాలామందిలో షుగర్ పెరుగుతుంది. ప్రోగ్రాం తేదీ ఆ రోజుల్లో పడుతుందా అని ముందే క్యాలెండరు చూసుకోండి.

వంకీ కింద సెన్సర్, వడ్డాణం కింద పంపు

జబ్బు పరికరాలు తయారుచేసినవాళ్లెవరూ కూచిపూడి ఆహార్యాన్ని దృష్టిలో పెట్టుకోలేదు. భుజం వెనక అంటించే గ్లూకోజు సెన్సర్ సరిగ్గా వంకీ బిగించే ఎత్తులో వస్తుంది. బిగుతు జాకెట్టు చేయి, దానిపై వంకీ కలిసి సెన్సర్‌ను నొక్కితే అది అసలు కంటే తక్కువ షుగర్ చూపిస్తుంది. లేని లో షుగర్‌కు గ్లూకోజు తాగించాల్సి వస్తుంది. సెన్సర్‌ను వంకీకి పైనో కిందో, చేయి వెనకభాగాన వచ్చేలా అంటించుకోవాలి. టైలరుకు చెప్పి ఆ చేతి వైపు కుట్టు కాస్త వదులు చేయించాలి. కొత్త సెన్సర్ మొదటి రోజు అంకెలు అంతగా నమ్మదగ్గవి కావు, ప్రోగ్రాంకు కనీసం ఒకరోజు ముందే అంటించాలి. చెమటకు ఊడకుండా చర్మాన్ని నూనె, పౌడరు లేకుండా తుడిచి, ఆరనిచ్చి అంటించి, పైన అంటుకునే పట్టీ వేయాలి. మేకప్ చేసేవారికి ఆ చుట్టూ బేస్ రాయవద్దని చెప్పాలి.

సెన్సర్ కొలిచేది రక్తాన్ని కాదు, కణాల మధ్య ద్రవాన్ని. అది రక్తం కంటే ఐదు నుంచి పదిహేను నిమిషాలు వెనకబడుతుంది. షుగర్ వేగంగా దిగుతున్నప్పుడు ఈ తేడా పెద్దది: సెన్సర్ 95 అంటుంటే రక్తంలో 70 ఉండవచ్చు. అందుకే విరామంలో తరంగానికి ముందు వేలి చుక్కే నమ్మాలి. చేతివేళ్లకు పారాణి పెట్టాక చుక్క తీస్తే రంగు రక్తంలో కలుస్తుంది, వేలికి అంటిన జ్యూస్ తీపి కూడా అంకెను పెంచేస్తుంది. తడిగుడ్డతో తుడిచి, ఆరాక, వేలి కొన మీద కాకుండా పక్కన గుచ్చి, మొదటి చుక్క తుడిచేసి రెండోది తీసుకోండి. వీణ, వయొలిన్ వాయించే పిల్లలు తీగ నొక్కే వేళ్లను వదిలి రెండో చేతి వేలి పక్కన గుచ్చుకోవాలి.

పంపు ఉన్నవాళ్లకు వడ్డాణం సమస్య. పొట్ట మీది గొట్టం వడ్డాణం కింద నలిగితే ఇన్సులిన్ ఆగిపోతుంది. దాన్ని నడుము పైభాగానికో పిరుదు పైకో మార్చి, పంపును లోపలి సంచీలో పెట్టి కుట్టించుకోవచ్చు. తీసేసి ఆడేవాళ్లూ ఉన్నారు. గంట, గంటన్నర కంటే ఎక్కువసేపు తీసి ఉంచకూడదు. పంపులో వేగంగా పనిచేసే ఇన్సులిన్ ఒక్కటే ఉంటుంది, వెనక నిల్వ ఉండదు. మూడు నాలుగు గంటలు ఆగితే కీటోన్లు మొదలవుతాయి. అలంకరణ నుంచి అభినందనల ఫొటోల దాకా తీసి ఉంచడమే ఇక్కడ జరిగే పొరపాటు.

మే నెలలో విజయవాడలోనో కొత్తగూడెంలోనో ప్రోగ్రాం అయితే ఇన్సులిన్‌ను కాపాడుకోవడం వేరే పని. తెరవనిది 2 నుంచి 8 డిగ్రీల మధ్య, వాడుతున్నది చాలా రకాలకు 30 డిగ్రీల లోపు నాలుగు వారాలు. ఎండలో ఆపిన కారులో వదిలేస్తే గంటల్లోనే పాడవుతుంది. అలాగని ఐసు ముక్కలకు తగిలేలా పెట్టినా గడ్డకట్టి పనికిరాకుండా పోతుంది. తడి గుడ్డ చుట్టిన మట్టికుండ, లేదా నీళ్లలో ముంచితే చల్లబడే సంచీ చాలు. తీరప్రాంతపు ఉక్కలో ఆవిరి సరిగ్గా పోదు కాబట్టి అక్కడ ఫ్లాస్కు నయం. అమెరికాలో రంగప్రవేశం చేయబోయే పిల్ల విమానంలో వెళ్తే ఇన్సులిన్ చేతి సంచీలోనే ఉండాలి.

ఎవరికి చెప్పాలి

ఆడపిల్ల కనుక రేపు పెళ్లి సంబంధాలకు అడ్డవుతుందని దాచే ఇళ్లు ఇంకా ఉన్నాయి. ఆ భయం మాకు అర్థమవుతుంది. కానీ డాన్స్ క్లాసులో దాచడం ప్రాణానికి ముప్పు. గురువుగారికి, నట్టువాంగం చేసేవారికి, మేకప్ చేసేవారికి, వింగ్‌లో నిలబడే ఒకరికి కచ్చితంగా తెలియాలి. పిల్ల క్లాసు మధ్యలో వెళ్లి నీళ్లు తాగితే క్రమశిక్షణ తప్పినట్టు కాదని గురువుగారు మిగతా పిల్లల ముందే ఒకసారి చెప్తే సగం కష్టం తీరుతుంది.

వింగ్‌లో ఉండేవారికి కాగితం మీద రాసి ఇవ్వాల్సినవి తక్కువే. పిల్ల తాళం తప్పుతున్నా, చూపు తేలిపోతున్నా, ముందుగా అనుకున్న సైగ చేసినా నట్టువాంగానికి చెప్పి ముక్తాయి వేయించి తెర వేయాలి. మాట్లాడగలిగితే గ్లూకోజు నీళ్లు. స్పృహ లేకపోతే, మింగలేకపోతే నోట్లో ఏమీ పోయకూడదు, తేనె కూడా. పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి ఫోన్ చేయాలి. షుగర్‌ను పెంచే గ్లూకగాన్ ఇంజెక్షన్ దగ్గరుండి, వేయడం నేర్చుకుని ఉంటే పాతిక కిలోలు దాటినవారికి ఒక మిల్లీగ్రాము, లోపు వారికి సగం. స్పృహ లేని పిల్లకు ఇన్సులిన్ మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ వేయకూడదు. ఇది ఎర్ర ఇంకుతో రాయండి. "షుగర్ పేషెంటు కదా" అని కంగారులో ఇన్సులిన్ పెన్ను తీసేవాళ్లుంటారు.

సన్నబడటానికి ఇన్సులిన్ మానడం

నాట్యంలో ఒళ్లు గురించిన మాటలు ఎక్కువ. "కాస్త ఒళ్లు చేశావు, కాస్ట్యూమ్ బిగుతవుతోంది" అన్న ఒక్క మాట చాలు. ఇన్సులిన్ మొదలుపెట్టాక, జబ్బుతో తగ్గిన బరువు తిరిగి రావడం సహజం. ఇన్సులిన్ మానేస్తే కొవ్వు కరిగి, గ్లూకోజు మూత్రంలో పోయి బరువు పడిపోతుందని పిల్లలు త్వరగానే కనిపెడతారు. ఎవరికీ చెప్పకుండా డోసులు తగ్గించే ఈ అలవాటు యుక్తవయసు ఆడపిల్లల్లో ప్రపంచమంతా కనిపిస్తోంది. ప్రాణం తీసేదీ, కళ్లు, మూత్రపిండాలను ముందుగా పాడుచేసేదీ ఇదే. మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ కారణం లేకుండా పెరగడం, పెన్ను కార్ట్రిడ్జీలు అనుకున్నదానికంటే ఎక్కువ రోజులు రావడం, ఇంజెక్షన్ ఎవరి ముందూ వేసుకోకపోవడం, పదేపదే కీటోన్లు రావడం కనిపిస్తే తిట్టకండి. డయాబెటిస్ తెలిసిన మానసిక వైద్యుల దగ్గరికి తీసుకెళ్లండి. బరువు గురించి పిల్లతో మాట్లాడవద్దని గురువుగారిని విడిగా కోరండి. కాస్ట్యూమ్ వదులు చేయించడానికి ఒక పూట చాలు.

పాదాలు, కళ్లు

ఉత్త కాళ్లతో సిమెంటు మీద అడుగు వేసే నాట్యం ఇది. ఐదేళ్లు, పదేళ్లు షుగర్ అదుపు తప్పి ఉంటే పాదాల స్పర్శ తగ్గవచ్చు. అప్పుడు గజ్జె పట్టీ ఒరుసుకున్న పుండు, పళ్లెం అంచు కోసిన గీత తెలియవు. రోజూ క్లాసు అయ్యాక పాదాలు కడిగి, వేళ్ల సందులు ఆరనిచ్చి, అరికాలు అద్దంలో చూసుకోవాలి. ఏడాదికోసారి డాక్టరు దగ్గర పది గ్రాముల నైలాన్ పోగుతో స్పర్శ పరీక్ష, మూత్రంలో ఆల్బుమిన్, కంటి వెనక పొర పరీక్ష చేయించాలి. పదకొండేళ్లు దాటిన పిల్లల్లో, జబ్బు వచ్చి రెండు నుంచి ఐదేళ్లయ్యాక ఇవి మొదలవుతాయి. ఎండలో కాలిన ఆరుబయట వేదికపై సాయంత్రం ఐదింటికి ఆడమంటే ముందు చేత్తో తాకి చూసి, నీళ్లు చల్లించాలి.

కంటిలో కొత్త రక్తనాళాలు పెరిగే దశకు జబ్బు చేరిందని తేలితే గెంతులు, బలంగా పాదం వేయడం, తల విదిలింపులు ఆపాలి. ఆ నాళాలు చిట్లి కంటిలో రక్తం చేరే ప్రమాదం ఉంది. లేజర్ చికిత్స తర్వాత మళ్లీ ఎప్పుడు మొదలుపెట్టాలో కంటి డాక్టరు చెప్పాలి. చికిత్స పూర్తయ్యేదాకా కూర్చుని పదాభినయం, హస్తాలు, నట్టువాంగం సాధన చేసుకోవచ్చు.